బండి స్వయంగా రావలెను

వాగు ఊళ్ళోకి వచ్చిన ఏడాదికి పై యేడు, వైశాఖ మాసంలో, లాకుల చిట్టెబ్బాయి కారు కొన్నాడు.

ఆ ఊళ్ళో సంవత్సరాలకి అంకెలు వాడరు. ఫలానా వాళ్ళ పెళ్ళి ఎప్పుడయిందంటే వాగుకి ముందనో, వాగుకి తరవాతనో చెబుతారు. ఎర్రవాగు పొంగి, కాలవ గట్టుని లాకుల దగ్గర తెంపుకుని, బైపాసు రోడ్డు దాకా నడుములోతున పారిన భాద్రపదం అది. మూడు రోజులుండి పోయింది. పోతూ పోతూ ఎర్రటి ఒండ్రుమట్టి ఇంటింటికీ సమానంగా పంచిపెట్టింది. ఆ ఊళ్ళో ఏ పంపిణీ కూడా అంత సమానంగా జరగలేదని ఇప్పటికీ మెచ్చుకుంటారు.

చిట్టెబ్బాయి ముప్ఫై నాలుగేళ్ళు కాలవ మీద లస్కరుగా చేశాడు. లస్కరంటే గట్టు కాసేవాడు. లాకుల తలుపులు ఎత్తీ దించీ నీళ్ళని ఎటు పొమ్మంటే అటు పంపేవాడు. నీళ్ళకి మాటలతో పని లేదు గనక అతనికి మాట్లాడే అలవాటు తప్పిపోయింది. రోజుకి పది మాటలు. అందులో నాలుగు "ఊఁ". ఇంటికి కావలసిన మిగతా మాటలన్నీ భార్య వరహాలమ్మ మాట్లాడేది. ఆ ఏర్పాటు ఇద్దరికీ బాగానే ఉండేది.

వరహాలమ్మకి మూత్రపిండాలు చెడ్డాయి. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి ముప్ఫై కిలోమీటర్ల అవతల పెద్దాసుపత్రిలో పొద్దున తొమ్మిదికి యంత్రానికి పెట్టి రక్తం కడుగుతారు. పక్కింటి నూకరాజు తన ఆటోలో తీసుకెళ్ళి తీసుకొచ్చేవాడు. ఆ రోడ్డు మీద గుంతలు వాగుకి ముందువి కొన్ని, తరవాతవి కొన్ని.

"ఎళ్ళేటప్పుడు కూర్చోబెట్టి తీసుకెళ్తున్నావు, వచ్చేటప్పుడు మడతపెట్టి తెస్తున్నావు. నేనేమన్నా చీరనేంట్రా నూకరాజూ?" అనేది వరహాలమ్మ.

"ఇస్త్రీ చేయించి తెస్తానులే పిన్నీ" అనేవాడు వాడు.

ఓ శుక్రవారం తిరిగొస్తూ దారిలో ఆమె సొమ్మసిల్లింది. చల్లటి బండిలో పడుకోబెట్టి తీసుకురాకపోతే గుండె మీదకి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రం చిట్టెబ్బాయి తన పది మాటల లెక్క దాటి ఇంకో రెండు మాటలన్నాడు.

"కారు కొందాం."

ఉద్యోగం దిగినప్పుడు వచ్చిన సొమ్ము బ్యాంకులో ఉంది. నడపడానికి నూకరాజు ఉన్నాడు. బైపాసు మీద షోరూము ఉంది. ఇంక కావలసిందేముంది అనుకున్నారు.

కావలసింది ఉంది. ఆ ఏడాది పైనుంచి కొత్త ఊపు ఒకటి దిగింది. వస్తువులో లోపం ఉందంటే, దాన్ని కొన్నవాడిలో శ్రద్ధ లోపించినట్టేనని పెద్దలు కనిపెట్టారు. కొనేవాళ్ళని బాగుచేస్తే వస్తువులు వాటంతటవే బాగుపడతాయి. అందుకని అమ్మకం జరిగే ప్రతి చోటా 'కొనుగోలుదారుల హక్కులు, బాధ్యతలు' అని బోర్డు పెట్టాలన్నారు. సెంటర్లో ఇడ్లీల బండికి కూడా ఓ అట్టముక్క వేలాడేది. అందులో హక్కు ఒకటి: ఇడ్లీ తినుట. బాధ్యతలు ఆరు. ఆరోది, తిన్న పిమ్మట బాగున్నదని చెప్పవలెను.

షోరూములో బోర్డు గోడంత ఉంది. ఎడం పక్కన హక్కులు మూడు. కుడి పక్కన బాధ్యతలు నలభై ఒకటి. గోడ చాలక ముప్ఫై ఆరు నుంచి మరుగుదొడ్డి తలుపు లోపలివైపు రాయించారు.

"మూడు హక్కులు సార్!" అన్నాడు కస్టమర్ ఆనందాల మేనేజరు హేమసుందర్. మెడకి టై, చేతిలో ట్రేలో బాదంపాలు. "పక్క జిల్లాలో రెండే. మన యాజమాన్యం ఉదారంగా మూడోది కూడా ఇచ్చింది."

చిట్టెబ్బాయి మూడో తరగతి. అక్షరాలు గుర్తుపడతాడు గానీ వాటితో పెద్దగా రాకపోకలు లేవు. నూకరాజు హక్కుల్ని గట్టిగా చదివి వినిపించాడు. మొదటిది కొనే హక్కు. రెండోది బండి పక్కన నిలబడి ఫొటో దిగే హక్కు. మూడోది కాస్త పొడుగ్గా ఉంది. స్వయంగా వచ్చి ఫిర్యాదు చేసుకున్న బండి బాగయ్యేంత వరకు, దానికి బదులు అదే రకం కొత్త బండిని అప్పటికప్పుడు పొందే హక్కు.

"ఇది బావుందండోయ్. ఎవరికైనా ఇచ్చారేంటి?" అన్నాడు నూకరాజు.

"ఇంతవరకూ ఎవరికీ ఇచ్చే అవసరం రాలేదు. అదీ మన నాణ్యత" అన్నాడు హేమసుందర్, బాదంపాలు అందిస్తూ.

వరహాలమ్మ తాగకూడదు. చిట్టెబ్బాయి తాగలేదు. మూడు గ్లాసులూ నూకరాజు తాగాడు. ఆ ఊపులో బాధ్యతలు నాలుగైదు చదివి మిగతావి వదిలేశాడు. చిట్టెబ్బాయి నలభై ఒకటికీ కలిపి ఒకే సంతకం పెట్టాడు.

బండి తీసుకునే ముహూర్తం బుధవారం పొద్దున పది గంటల నలభై నిమిషాలు. షోరూము గేటు దగ్గర తెల్ల కారు రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడి ఉంది. బంతిపూల దండ, ముందు అద్దం మీద స్వస్తిక్, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పంతులు గారు కొబ్బరికాయ కొట్టారు. వరహాలమ్మ పట్టుచీర కట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. ఆమె పట్టుచీర కట్టి ఏడాది దాటింది.

నూకరాజు తాళం తిప్పాడు. బండి కుర్రుమని ఒకసారి మూలిగి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఆ మూలుగు కూడా లేదు.

పంతులు గారు గడియారం చూసుకున్నారు. "మూడు నిమిషాలే ఉందండి. ఆ పైన వర్జ్యం."

అంతే. బండి కదలకపోవడం సంగతి అందరూ మరిచిపోయారు. వర్జ్యం వస్తోందన్న సంగతి ఒక్కటే మిగిలింది.

"నిలబడి చూస్తారేంటయ్యా, తొయ్యండి!" అని సీట్లోంచి వరహాలమ్మ కేకేసింది. "స్టార్టవడం తరవాత చూసుకోవచ్చు. ముహూర్తం మళ్ళీ రాదు!"

షోరూము వాళ్ళు నలుగురు వెనక చేరారు. హేమసుందర్ టై భుజం మీదకి వేసుకున్నాడు. చిట్టెబ్బాయి కూడా తువ్వాలు నడుముకి చుట్టి, లాకు తలుపు ఎత్తేవాడిలా భుజం ఆనించి తోశాడు. నాలుగు నిమ్మకాయలూ ఒకేసారి పచక్కుమన్నాయి. ఫొటో తీశారు. చప్పట్లు కొట్టారు. బండి గేటు దాటి రోడ్డు పక్కన ఆగింది. వెనకాల గేటు వేసేశారు.

"కొత్త పెళ్ళికూతురు సార్, సిగ్గు" అన్నాడు హేమసుందర్ గేటు లోపలి నుంచి.

పావుగంట తాళం తిప్పి తిప్పి నూకరాజు వేలు వాచింది. లోపలికి వెళ్ళి ఫిర్యాదుల కిటికీ దగ్గర చెప్పారు. కిటికీలో ఉన్నది కూడా హేమసుందరే. కుర్చీ మారాడు, అంతే.

"పంతొమ్మిదో బాధ్యత సార్" అన్నాడు వేలితో గోడ చూపిస్తూ. "ఫిర్యాదు గల బండి స్వయంగా రావలెను. బండి ఏది?"

"బయటుందండి. స్టార్టవట్లేదు."

"స్టార్టయ్యాక తీసుకురండి. తప్పకుండా చూస్తాం."

"స్టార్టయితే ఇంక తీసుకురావడం ఎందుకండీ?" అన్నాడు నూకరాజు.

"చూశారా! మీరే ఒప్పుకున్నారు, ఫిర్యాదు లేదని."

"నలుగురం కలిసి తోసుకొస్తాం."

"తోస్తే అది మోటారు వాహనం కింద రాదు, తోపుడుబండి అవుతుంది. మనకి ఆ విభాగం లేదు. ట్రాక్టరుతో లాక్కొస్తే ట్రాక్టరు ఫిర్యాదు అవుతుంది." హేమసుందర్ గొంతు తగ్గించి, ఆప్యాయంగా, "అదీగాక ఏడో బాధ్యత చదివారు కదా? నిమ్మకాయలు నలిగిన క్షణం నుంచి బండి నిర్దోషి" అన్నాడు.

చిట్టెబ్బాయి బయటికి వచ్చి, గేటు దగ్గర నలిగి పడున్న నాలుగు నిమ్మకాయలూ ఏరి తువ్వాల్లో మూట కట్టుకున్నాడు. గట్టు మీద దొరికిన తాడుముక్కా మేకూ దాచడం అతనికి పాత అలవాటు.

ఎవరిదో ట్రాక్టరు అడిగి బండిని ఇంటికి చేర్చారు. చిట్టెబ్బాయి ఇల్లు కాలవ గట్టు మీద, లాకుల పక్కన. అక్కణ్ణుంచి ఓ మట్టిరోడ్డు వంపు తిరగకుండా బైపాసులోకి దిగుతుంది. దాని ఎదురుగానే షోరూము గేటు. బండిని వాకిట్లో పెట్టగానే మెల్లగా దొర్లబోయింది. హ్యాండు బ్రేకు వేసి, చక్రాల కింద ఇటికరాళ్ళు పెట్టారు.

"నిమ్మకాయలు అయిపోయాయి, ఇప్పుడు ఇటికలా?" అంది వరహాలమ్మ.

మధ్యాహ్నం చిట్టెబ్బాయి బండిలో కూర్చుని సీటు బెల్టు లాగాడు. ఇంకా లాగాడు. చివరిదాకా లాగితే, లోపల చుట్టుకుని ఉన్న భాగం మీద అడ్డంగా ఓ ఎర్రగీత కనిపించింది. పైన నలుపు, కింద మట్టిరంగు. సీటు కిందకి వేలు పోనిచ్చి తీసి వాసన చూశాడు. ఒండ్రు. ముప్ఫై నాలుగేళ్ళు ముక్కుతో చూసిన ఒండ్రు. షోరూము వెనక ప్రహరీగోడకి రంగు వేయడం మరిచిపోయిన చోట అదే ఎత్తున అదే గీత ఉండటం అతను అంతకుముందే చూశాడు.

"వాగు" అన్నాడు.

నూకరాజు బండిని, బెల్టుని, చిట్టెబ్బాయిని చూశాడు. "నీళ్ళలో మునిగిన బండిని కడిగి అంటగట్టారా బాబాయ్!"

"ఊఁ."

మర్నాడు ఇద్దరూ కలిసి కొనుగోలుదారుల హక్కుల, బాధ్యతల పరిరక్షణ కార్యాలయానికి వెళ్ళారు. బోర్డు మీద 'హక్కుల' అన్న మాట దగ్గర రంగు ఊడిపోయింది. లోపల ప్రాంతీయ బాధ్యతల అధికారి గుణనిధి గారు ఫైళ్ళ మధ్య కూర్చుని ఉన్నారు. ఆయన మాట్లాడితే ఉత్తరం చదువుతున్నట్టు ఉండేది.

"సదరు వ్యక్తి కొనుగోలుదారుడా, ఫిర్యాదుదారుడా? ఏకకాలమున ఉభయములూ కుదరవు."

"కొన్నాడు, అందుకే ఫిర్యాదు చేస్తున్నాడండి" అన్నాడు నూకరాజు. "అది వాగులో మునిగిన బండండి. బెల్టు మీద గీతుంది."

గుణనిధి గారు ఓ ఫైలు తీశారు. "షోరూము ప్రదేశము కాలువ గట్టు కన్నా ఎత్తయినదిగా మా కార్యాలయము ధ్రువీకరించి యున్నది. నీరు పల్లమునకే పారును. కావున వరద అచ్చటికి చేరలేదు."

"మరి వరద నష్టం కింద షోరూముకి నలభై బండ్లు మునిగాయని మీరే రాసిచ్చారటండీ? ఊరంతా అనుకుంటున్నారు."

గుణనిధి గారు ఇంకో ఫైలు తీసి చూసి, "అవును, అది నష్టపరిహారపు ఫైలు. ఇది ఫిర్యాదుల ఫైలు" అన్నారు.

"వాగు ఒక్కసారే వచ్చింది కదండీ?"

"వాగు ఒకటే. ఫైళ్ళు రెండు. ఒక ఫైలులోని నీరు వేరొక ఫైలులోనికి పారరాదు."

గట్టు కాసినవాడికి ఆ మాట కొత్తగా తోచింది. ఇన్నేళ్ళలో అంత గట్టి గట్టు ఎక్కడా చూడలేదనుకున్నాడు చిట్టెబ్బాయి. తువ్వాలు విప్పి నిమ్మకాయలు బల్ల మీద పెట్టాడు.

"తోస్తే నలిగినయ్యండి" అన్నాడు.

గుణనిధి గారు కళ్ళజోడు సవరించుకున్నారు. సర్వీసులో మొదటిసారి ఆయన బల్ల మీదకి ఓ సాక్ష్యం వచ్చింది. ముగ్గురితో విచారణ సంఘం వేశారు. ఉద్యానశాఖ నుంచి ఒకాయన, కొలతలూ తూకాలూ చూసే ఆయన ఒకాయన, నిమ్మకాయల్లో అనుభవం ఉందని పెళ్ళిళ్ళ వంటాయన ఒకాయన. వాళ్ళు ఆరు రోజులు నిమ్మకాయల్ని అన్ని వైపుల నుంచీ చూశారు. ఆరో రోజుకి అవి ఎండి బోటనవేలంత అయ్యాయి. ముగ్గురూ ఏకగ్రీవంగా తేల్చారు. నిమ్మకాయలు నలిగినవి, గనుక బండి కదిలినది. కదిలినది గనుక నడుచును. నడుచును గనుక లోపము లేదు. వంటాయన మాత్రం, కాయలు పండకముందే కోశారని విడిగా అభిప్రాయం రాశాడు.

ఈలోగా రెండు శుక్రవారాలు, ఓ మంగళవారం ఆటోలోనే గడిచాయి. వాకిట్లో కొత్త కారు ఇటికరాళ్ళ మీద నిలబడి వాళ్ళు ఆటో ఎక్కడం చూసేది.

రెండోసారి పిలిపించి గుణనిధి గారు అన్నారు: "బండి నిర్దోషి యని తేలినది. అయినను బండి నడవకున్నది. దోషము ఎచ్చటనో ఒకచోట ఉండక తప్పదు. అమ్మినవారు దుకాణదారులు, వారికి దోషము వర్తించదు. ఇక మిగిలినది మీరే."

"ఆయనలో దోషమేంటండి?" అన్నాడు నూకరాజు.

"అది తనిఖీలో తేలును."

తనిఖీ షోరూము వెనక సర్వీసు షెడ్డులో జరిగింది. చిట్టెబ్బాయిని చొక్కా విప్పించి, బండ్లు ఎత్తే ర్యాంపు మీద నిలబెట్టి పైకి లేపారు. హేమసుందర్ కింద నుంచి టార్చి వేసి చూస్తూ చెప్పాడు, గుణనిధి గారు రాసుకున్నారు. మోకాళ్ళు బిగువు తగ్గినవి. పాదములు అరిగినవి. ఎడమ కంటికి శుక్లము, వెలుతురు మందము.

"శబ్దం పరీక్షించాలి సార్. ఏదైనా గట్టిగా అనండి" అన్నాడు హేమసుందర్.

చిట్టెబ్బాయి పైనుంచి అతని కేసి చూసి ఊరుకున్నాడు.

"హారను పనిచేయుట లేదు" అని రాసుకున్నారు గుణనిధి గారు. "తయారైన సంవత్సరము?"

"దివిసీమ ఉప్పెనకి ఇరవై రెండేళ్ళ ముందండి" అన్నాడు నూకరాజు.

"పాత సరుకు" అన్నాడు హేమసుందర్ జాలిగా.

ఆ మంగళవారం ఆసుపత్రి నుంచి వస్తూ వరహాలమ్మ రెండుసార్లు ఆటో ఆపమంది. మూడోసారి ఆపమనే ఓపిక కూడా లేకపోయింది. ఇంటికొచ్చి మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగింది. బుధవారమంతా ఆమె నోటివెంట మాట రాలేదు. ఆ ఇంట్లో ఇంక చిట్టెబ్బాయి పది మాటలే మిగిలాయి. గట్టు తెగిన రోజున నడుములోతు నీళ్ళలో నిలబడ్డప్పుడు కూడా భయపడని మనిషి, ఆ నిశ్శబ్దానికి భయపడ్డాడు. కాసేపు ఆమె మంచం పక్కన కూర్చుని, "మాట్లాడు" అన్నాడు. ఆమె చెయ్యి మాత్రం కదిలించింది.

గురువారం సాయంత్రం ఉత్తర్వు వచ్చింది. నూకరాజు వరహాలమ్మ మంచం దగ్గర నిలబడి చదివాడు.

"పైన ఉదహరించిన కొనుగోలుదారుని యందు తయారీ లోపములు గలవని తనిఖీలో విదితమైనది. కావున నిబంధనల ప్రకారము సదరు లోపభూయిష్ట కొనుగోలుదారుని ముప్పది దినములలో తొలగించి, అతని స్థానమున అదే రకము వేరొక కొనుగోలుదారుని ఏర్పాటు చేయవలెను. బండి యథాతథముగా నుండును. షోరూము కాలువ గట్టు కన్నా ఎత్తయిన ప్రదేశమున నున్నందున వరద ప్రస్తావన కొట్టివేయడమైనది."

మంచం మీద నుంచి సన్నటి గొంతు లేచింది.

"నూకరాజూ..."

"ఏం పిన్నీ?"

"ఆ కొత్తగా వచ్చేవాడు... కాస్త మాట్లాడేవాడేనేమో కనుక్కోరా."

నూకరాజు కళ్ళ నీళ్ళు వచ్చేట్టు నవ్వాడు. చిట్టెబ్బాయి నవ్వలేదు గానీ, మంచం పక్కకి జరిగి ఆమె దుప్పటి సర్దాడు.

"ఆ చివరిది మళ్ళీ చదువు" అన్నాడు.

"షోరూము గట్టు కన్నా ఎత్తని రాశారు బాబాయ్."

"సంతకం ఉందా?"

"సంతకం, ముద్ర, తేదీ, అన్నీ ఉన్నాయి. రేప్పొద్దున ఏడింటికి షోరూములో బాధ్యతగల కొనుగోలుదారుల వారోత్సవాల ముగింపంట. గుణనిధి గారొచ్చి రిబ్బను కోస్తారంట. మనల్ని పిలవలేదులే."

చిట్టెబ్బాయి లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి, వాకిట్లో ఆ మట్టిరోడ్డు మొదట్లో పోశాడు. నీళ్ళు కాసేపు ఆలోచించినట్టు ఆగి, ఒక పాయగా కూడుకుని, బైపాసు వైపు దారి పట్టాయి. అతను చూస్తూ నిలబడ్డాడు. తరవాత బండి చక్రాల కింద ఇటికల కేసి చూశాడు.

"ఏడున్నరకి రా" అన్నాడు నూకరాజుతో.

మర్నాడు శుక్రవారం. పొద్దున ఏడున్నరకి నూకరాజు వచ్చేసరికి వరహాలమ్మ బండి వెనక సీట్లో దిండు పెట్టుకుని పడుకుని ఉంది. ఆసుపత్రి కాగితాల సంచీ పొట్ట మీద ఉంది.

"దిగు పిన్నీ, ఇది స్టార్టవదు."

"నాకు తెలుసులే. మీ బాబాయి ఎక్కమన్నాడు, ఎక్కాను. నువ్వు తాళం తిప్పి చక్రం పట్టుకో చాలు. బ్రేకు చేత్తో పట్టుకోమన్నాడు."

చిట్టెబ్బాయి బైపాసు దాకా నడిచి రెండు వైపులా చూసి, అక్కడ పళ్ళబండి పెట్టుకున్నవాడికి ఏదో చెప్పి తిరిగొచ్చాడు. వాడు తువ్వాలు పట్టుకుని రోడ్డు మధ్య నిలబడ్డాడు. చిట్టెబ్బాయి వంగి ఇటికరాళ్ళు ఒక్కొక్కటే తీసి అరుగు మీద పేర్చాడు. నూకరాజు హ్యాండు బ్రేకు కాస్త వదిలాడు.

బండి కదిలింది. చప్పుడు లేదు, పొగ లేదు. వరద ఎలా వెళ్ళిందో అలాగే, అదే దారిన, తొందర లేకుండా దిగింది. స్టీరింగు రాయిలా ఉంది గానీ రోడ్డుకి వంపు లేదు. వెనకాల పది అడుగుల దూరంలో చిట్టెబ్బాయి, అందరికీ కనపడేట్టు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నడుస్తూ వచ్చాడు. పళ్ళబండివాడు రెండు లారీల్ని ఆపాడు. లారీల వాళ్ళు కిందకి దిగి చూశారు.

షోరూము గేటుకి రిబ్బను కట్టి ఉంది. లోపల కుర్చీలు, మైకు. గుణనిధి గారు చేతిలో కత్తెరతో ఉపన్యాసం ముగిస్తున్నారు. "బాధ్యతగల కొనుగోలుదారుడు ఫిర్యాదు చేయడు. ఫిర్యాదు చేయువాడు..." అంటుండగా తెల్ల కారు వచ్చి రిబ్బను తెంపుకుని, ఆయన పక్కనుంచి మర్యాదగా వెళ్ళి, నున్నటి నేల మీద నెమ్మదించి, ఫిర్యాదుల కిటికీ ముందు ఆగింది. నూకరాజు హ్యాండు బ్రేకు బిగించాడు.

"బండి వచ్చిందండి" అన్నాడు తల బయటపెట్టి. "పంతొమ్మిదో బాధ్యత."

హేమసుందర్ పరుగెత్తుకొచ్చాడు. "ఎవరు తోశారు?"

చిట్టెబ్బాయి అప్పుడే గేటులోకి వచ్చాడు, చేతులు వెనక్కి కట్టుకునే. లారీల వాళ్ళు, పళ్ళబండివాడు, కుర్చీల్లో కూర్చున్న బాధ్యతగల కొనుగోలుదారులు ముప్ఫై మంది, అందరూ చూశారు. తాడు లేదు, ట్రాక్టరు లేదు.

"ఇది మోసం సార్!" అన్నాడు హేమసుందర్ గుణనిధి గారితో. "గట్టు మీద నుంచి వాలులో వదిలేశారు. దొర్లుకుంటూ వచ్చేసింది!"

చిట్టెబ్బాయి ఉత్తర్వు తీసి గుణనిధి గారి ముందు పట్టుకున్నాడు. సంతకం ఉన్న చోట బోటనవేలు పెట్టాడు.

"వాలు ఉందాండి?" అని అడిగాడు.

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ రెండు మాటలూ షోరూమంతా వినపడ్డాయి.

గుణనిధి గారు గట్టు వైపు చూశారు. బండి వైపు చూశారు. వాలు ఉందంటే వాగు షోరూములోకి వచ్చినట్టు, ఫిర్యాదుల ఫైలు అబద్ధం. వాలు లేదంటే బండి తనంతట తాను వచ్చినట్టు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన మనుషుల్ని మార్చారు, తేదీలు మార్చారు. సంతకం పెట్టిన ఫైలుని మాత్రం ఎన్నడూ మార్చలేదు.

"ఇచ్చట వాలు లేదు" అన్నారు మైకులో, గట్టిగా. "రికార్డు ప్రకారము ఇది ఎత్తయిన ప్రదేశము. గట్టు నుండి ఇచ్చటికి ఏదియు దొర్లి రాజాలదు. కావున బండి స్వయంగా వచ్చినది."

"సార్, మరి మూడో హక్కు..." అన్నాడు హేమసుందర్ నీరసంగా.

"వర్తించును" అన్నారు గుణనిధి గారు. ఆ మాట అనడం ఆయనకి అదే మొదటిసారి గనక రెండుసార్లు అన్నారు.

కుర్చీల్లోంచి ఎవరో చప్పట్లు కొట్టారు. తరవాత ముప్ఫై మందీ లేచి ఫిర్యాదుల కిటికీ ముందు వరసలో నిలబడ్డారు. వాళ్ళలో ఎక్కువమంది బండ్లు ఇళ్ళ దగ్గర ఇటికల మీదే ఉన్నాయి. తమ ఇళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో ఒకళ్ళనొకళ్ళు కనుక్కోవడం మొదలుపెట్టారు.

వాగు తరవాత వచ్చిన సరుకులోంచి ఓ కొత్త కారు తెచ్చి గేటు దగ్గర పెట్టారు. చిట్టెబ్బాయి ముందు దాని సీటు బెల్టు చివరిదాకా లాగి చూశాడు. నూకరాజు, చిట్టెబ్బాయి కలిసి వరహాలమ్మని ఆ బండిలోకి మార్చారు. ఎనిమిది దాటింది. యంత్రం తొమ్మిదికి.

"ఒక్క నిమిషం సార్!" హేమసుందర్ పళ్ళెం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. దండ, కొబ్బరికాయ, నిమ్మకాయలు. ఎవరూ చెప్పకుండానే మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు సర్దాడు. "ఎనిమిది పదికి మంచి ఘడియ ఉంది. దాటితే దుర్ముహూర్తం. కానివ్వండి, నేనో చెయ్యి వేస్తా..."

"తోస్తే నీ చేతులిరగ్గొడతా" అంది వరహాలమ్మ లోపలి నుంచి. గొంతులో పాత జీవం కొంత వచ్చింది.

చిట్టెబ్బాయి మెల్లగా వంగాడు. బిగువు తగ్గిన మోకాళ్ళు పటపటమన్నాయి. ముందు చక్రాల కింద రెండు, వెనక చక్రాల కింద రెండు, నిమ్మకాయలు నాలుగూ తీసి, దుమ్ము దులిపి, చొక్కా జేబులో వేసుకున్నాడు. లేచి నూకరాజు కేసి చూశాడు.

"ముందు తాళం తిప్పు" అన్నాడు.